జిప్పులాయన అరెస్టు సంగతి

సోమవారం, షట్టరు తీసిన కాసేపటికి

ఇంకా బోణీ కాలేదు. అందుకే ఫోన్లో ఇది కొడుతున్నాను. తాళం కూడా వేశాను, అమ్మాయికి తెలియని నంబరుతో. ఆయన పేరు మాత్రం ఇందులో రాయను. నాకు నేను చెప్పుకునేదానికి పేరెందుకు, జిప్పులాయన అంటే చాలు.

శనివారం సాయంత్రం ఎప్పటిలాగే వచ్చి ఒక్క రన్నర్ అడిగాడు. జిప్పు మీద పైకీ కిందకీ నడుస్తుందే, ఆ ముక్క. నల్లది, ఐదో నంబరు. ఎదురుగా బ్యాగుల రిపేరు షాపు పెట్టుకున్న మనిషికి రోజూ బోలెడు రన్నర్లు పడతాయి. ఒక్కొక్కటే కొంటాడు. ఒక్కోదానికి ఒక్కోసారి రోడ్డు దాటి వస్తాడు. డజను తీసుకోండి, తక్కువ పడుతుంది, మీకు లెక్క తెలియదు అని రెండేళ్ళుగా మొత్తుకుంటున్నాను. నవ్వి ఊరుకుంటాడు. మంచివాడే గానీ, పాపం, వ్యాపారం అబ్బలేదు.

శనివారం మాత్రం రన్నర్ తీసుకుని కదల్లేదు.

"ఈ నెలాఖరుతో షాపు ఖాళీ చేయమన్నాడండీ మా ఓనరు. మా తమ్ముడేమో వాళ్ళ ఊరు వచ్చేయమంటున్నాడు" అన్నాడు.

"అయ్యో" అన్నాను.

నా షట్టరు వైపు చూశాడు, తన షట్టరు వైపు చూశాడు. "రెండు షట్టర్లెందుకండీ మనకి. ఒకటి చాలదా?"

షాపు గురించే. నా షాపులో సగం అడుగుతున్నాడు. మంచి ఆలోచనే, నా దగ్గర జిప్పులు, ఆయన దగ్గర పనితనం. అంతే. కాకపోతే చేతిలో ఉన్న లేసు చుట్ట మొత్తం ఎప్పుడు విప్పేశానో నాకే తెలియదు. నిన్నంతా కూర్చుని మళ్ళీ చుట్టాను.

పక్క షాపు టైలరమ్మ అంతా వింది. ఆవిడ కాళ్ళు మిషను మీద, చెవులు నా గోడ మీద.

"వదినా, ఆయన అడిగింది షట్టరు కాదు" అంది.

"నువ్వు కాలరు చూసుకో, వంకర పోతోంది" అన్నాను.

మంగళవారం

అమ్మాయికి చెప్పాను. షాపు వాటా సంగతి అనే చెప్పాను. వాళ్ళ నాన్న పోయినప్పుడు దానికి ఆరేళ్ళు. అప్పటి నుంచీ నాకు అది, దానికి నేను. పెళ్ళయి నాలుగు వీధుల అవతల కాపురం పెట్టినా పొద్దున్నే ఫోన్ చేసి "తిన్నావా" అని అడగందే ఆఫీసుకి వెళ్ళదు. ఇన్సూరెన్సు ఆఫీసులో క్లెయిములు తనిఖీ చేసే ఉద్యోగం. నిజం చెప్పినవాణ్ణి కూడా రెండు సాక్ష్యాలు అడిగే రకం.

"షాపు వాటా అయితే నువ్వెందుకమ్మా అలా ఎర్రబడ్డావు?"

"ఎండ."

"ఇవాళ మబ్బు పట్టింది."

బ్యాగు తగిలించుకుని రోడ్డు దాటింది. నేను అద్దాల బీరువా వెనక నిలబడి చూస్తూనే ఉన్నాను. ఆయన స్టూలు వేశాడు. ఇది కూర్చోలేదు. ఏవేవో అడిగింది, ఆయన చెప్పాడు, తర్వాత ఏదో అంటూ నవ్వాడు. ఇది గిర్రున తిరిగి వచ్చేసింది.

"అమ్మా, ఆయన అరెస్టయ్యాడు."

"ఎవరు?"

"ఎవరంటే? మీ భాగస్వామి. పోలీసు కేసులేమైనా ఉన్నాయా అని మామూలుగా అడిగాను, అందరినీ అడిగినట్టే. ఒకసారి లోపల కూర్చున్నానమ్మా, భలే బాగుంది ఆ రోజు అన్నాడు. భలే బాగుందట."

"ఎందుకయ్యాడో అడిగావా?"

"భలే బాగుందన్న మనిషిని ఇంకేం అడుగుతాం?"

దాని కళ్ళల్లో నీళ్ళు. వెక్కిరింపు కాదు, నిజంగా భయం. "నీకు ఎవరైనా మంచి మాట చెబితే చాలు, నమ్మేస్తావమ్మా. ఇన్నేళ్ళు ఒక్కదానివే నెట్టుకొచ్చావు. ఇప్పుడు ఎవడో వచ్చి నిన్ను ఏడిపిస్తే నేనేం చెయ్యను? అరెస్టుల రికార్డు ఎవరైనా చూడొచ్చు, మన రాష్ట్రంలో అది పబ్లిక్. చూద్దాం. శుభ్రంగా ఉంటే నీ ఇష్టం. లేకపోతే ఆయన్ని తమ్ముడి ఊరు వెళ్ళమను."

సరేనన్నాను. షాపు వాటా సంగతి కదా, చూసుకోవడం మంచిదే.

బుధవారం

రన్నర్లు అయిపోయాయని చెప్పాను. అయిపోలేదు.

ఆయన ఉత్త చేతులతో రోడ్డు దాటి వెళ్ళాడు. మధ్యలో ఒకసారి ఆగాడు.

మనసు బాగోనప్పుడు నాకు ఒకటే మందు, గుండీల డబ్బా బల్ల మీద బోర్లించి ఏరడం. రెండు చిల్లులవి ఇటు, నాలుగు చిల్లులవి అటు. నా పెళ్ళికి ముందు, మా ఇంట్లో ట్రక్కు రోజు అంటామే, అప్పటి నుంచీ ఉన్న అలవాటు ఇది. ఆ రోజు ఎవడో తిక్క అబ్బాయి అన్నీ కలిపేశాడు కదా. అమ్మాయి చిన్నప్పుడు అన్నం తినాలంటే ఆ కథ చెప్పాల్సిందే. "తిక్క అబ్బాయి దగ్గర్నుంచి చెప్పమ్మా" అనేది. ఇప్పుడు అదే పిల్ల నాకు షరతులు పెడుతోంది.

గురువారం

అమ్మాయి లంచ్ టైములో వచ్చింది. పోలీసు వెబ్‌సైట్ తెరిచింది. పేరు, తండ్రి పేరు, జిల్లా, సంవత్సరం. మనుషులమేనా అని చూడ్డానికి ఆ సైటు కారు బొమ్మలు ఎన్నున్నాయో గుర్తుపట్టమంది. నేను మూడు అన్నాను, అది నాలుగంది. అదే గెలిచింది.

ఆయన పేరుతో ముగ్గురు వచ్చారు.

గుండె జారి బల్ల కింద పడింది. ఒకడు స్కూటర్లు ఎత్తుకుపోయాడు. ఒకడు లాడ్జి గదిలో పేకాట. మూడోవాడు బావమరిదిని కుండతో కొట్టాడు.

"కుండతో కొట్టినవాడు అయ్యుండొచ్చు. చేతులు బలంగా ఉంటాయి" అంది టైలరమ్మ. ఆవిడ ఎప్పుడొచ్చిందో కూడా మాకు తెలియదు.

"ఆయనకి బావమరిదే లేడు" అన్నాను.

ఇద్దరూ నన్ను చూశారు. నాకెలా తెలుసనేగా? రన్నర్ కొనడానికి వచ్చినప్పుడు మాట్లాడుకోమా ఏంటి. పెళ్ళి చేసుకోలేదని, తమ్ముణ్ణి చదివించాడని, ఎడమ చెవి కొంచెం మందమని, అన్నీ మాటల్లో వచ్చినవే.

అమ్మాయి వయసులు చూసింది. స్కూటర్లవాడికి ఇరవై నాలుగు. పేకాటవాడికి ముప్పై. కుండవాడికి డెబ్బై ఒకటి. డెబ్బై ఒకటిలో కుండ ఎత్తాడంటే మెచ్చుకోవాలి. ముగ్గురూ కాదు.

నేను బల్ల కింద నుంచి గుండె తీసి దులిపి పెట్టుకున్నాను. అప్పుడు అమ్మాయి కింద సన్న అక్షరాలు చదివింది. ఇందులో పదిహేనేళ్ళ లోపువే ఉంటాయి, అంతకు ముందువి కావాలంటే పాత హెడ్ ఆఫీసులో రికార్డు గదికి గుర్తింపు కార్డుతో స్వయంగా వెళ్ళాలి.

"సోమవారం నువ్వు వెళ్ళు. నాకు సెలవు లేదు" అంది.

శుక్రవారం

"రన్నర్లు వచ్చాయాండీ?"

"లేదండీ."

"మీ అమ్మాయిగారు కంగారుపడ్డట్టున్నారు. మీరైనా చెప్పొద్దూ?"

"నేనేం చెప్పను?"

ఆయన ముఖం అదోలా అయిపోయింది. "అంతేలెండి" అని వెళ్ళిపోయాడు. షాపులో అట్టపెట్టెలు సర్దడం మొదలుపెట్టాడు.

నేనేం చెప్పాలట? లోపల కూర్చున్నది ఆయన.

ఆదివారం

పనేం లేదు. రేపు ఏ చీర కట్టుకోవాలో చూసుకున్నాను. పోలీసు ఆఫీసుకి చీరేంటి.

సోమవారం, మధ్యాహ్నం. బస్సులో. షాపు తీయలేదు

బస్సు కుదుపులకి తప్పులు పడితే పడనీ. మొత్తం రాసేస్తాను.

రికార్డు గది కింద అంతస్తులో, చివర. నేను ఏ సినిమా జైలో ఊహించుకుని వెళ్ళాను. చూస్తే గోడ నిండా చిన్న చిన్న డ్రాయర్లు, ఒక్కోదానికి ఇత్తడి పిడి, పైన అక్షరం. అచ్చం నా గుండీల బీరువా. ప్రాణం లేచొచ్చింది. కిటికీ పక్కన ఒకావిడ స్వెట్టరు అల్లుకుంటోంది. ఆవిడే రికార్డులావిడ. అల్లికకి వేసిన గుండీ చూడగానే నా దగ్గర కొన్నదేనని తెలిసిపోయింది, కానీ చెప్పలేదు.

"అరెస్టు రికార్డు చూడాలండీ. నాది కాదు, వేరే ఆయనది. చూడొచ్చా?"

"ఎవరిదైనా చూడొచ్చమ్మా. ఎందుకని కూడా అడగం. ఆయన మీకేమవుతారు?"

"ఎందుకని అడగమన్నారుగా."

"ఇది రూలు కాదు, నా సరదా."

"షాపులో వాటాదారు" అన్నాను. ఆవిడ ఊలు ముడి వేస్తూ నవ్వింది.

తర్వాత నా కార్డు తీసుకుని చెప్పింది, "ముందు మీ పేరు వెతకాలి. అడిగినవాళ్ళ మీద పాత కేసులేమన్నా నడుస్తున్నాయేమో చూసుకునే కాపీ ఇస్తాం. అది మాత్రం రూలే."

"నా పేరెందుకండీ, గుండీలు అమ్ముకునే మనిషిని."

"పోయిన వారం ఒకాయన కాబోయే అల్లుడి కోసం వచ్చాడు. అల్లుడు లేడు. మామ నాలుగు డ్రాయర్లలో ఉన్నాడు. పెళ్ళికి ముందు ఇంటిపేరేంటమ్మా?"

చెప్పాను. ఆవిడ డ్రాయరు లాగింది. వేళ్ళతో కార్డులు తిప్పడం కూడా నేను గుండీల అట్టలు తిప్పినట్టే. ఆగింది. కళ్ళద్దాలు పైకి తోసుకుంది.

"మీరున్నారమ్మా."

"ఎక్కడ?"

"ఇందులో."

"ఇందులో అంటే?"

"అరెస్టయ్యారు."

నేను వెనక్కి తిరిగి చూశాను, ఇంకెవరితోనైనా అంటోందేమోనని. ఎవరూ లేరు. కుర్చీ ఇచ్చింది, నీళ్ళు ఇచ్చింది, కార్డు మీదున్న నంబరు చూసి పెద్ద రిజిస్టరు తెచ్చి నా ముందు తెరిచింది. పాత మార్కెట్ కూల్చిన రోజు. ఇరవై ఎనిమిది మంది. పద్నాలుగో పేరు నాది. అప్పటి ఇంటిపేరుతో, నాన్న పేరుతో, వయసు ఇరవై. వెంట ఉన్న వస్తువులు: గుండీల పెట్టె ఒకటి, గుండీలు లెక్కపెట్టలేదు.

ట్రక్కు రోజు.

నాన్నకి జ్వరం. మార్కెట్ పడగొట్టడానికి బుల్డోజరు వస్తోందంటే షాపులవాళ్ళంతా రోడ్డు మీద కూర్చున్నారు, నాన్న బదులు నేను వెళ్ళాను. పోలీసులు అందరినీ ట్రక్కెక్కించారు. స్టేషను వెనక వరండాలో సాయంత్రం దాకా కూర్చోబెట్టి, భోజనం పెట్టి, మళ్ళీ అదే ట్రక్కులో దింపారు. పాటలు పాడుకున్నాం. ట్రక్కులో ఒలికిన గుండీలు వరండాలో కూర్చుని ఏరి పెట్టుకుంటే తిక్క అబ్బాయి మళ్ళీ కలిపేశాడు. బొమ్మల షాపాయన ఇన్‌స్పెక్టర్‌కి ఈల అమ్మాడు. మార్కెట్ మిగలలేదు గానీ సొంత షాపులున్నవాళ్ళకి వేరే చోట షాపులిచ్చారు, ఇప్పుడు నేనున్నది అందులోనే. మా ఇంట్లో దాన్ని ఎవరూ ఎప్పుడూ అరెస్టు అనలేదు. ట్రక్కు రోజు అనేవాళ్ళం, విహారయాత్రకి వెళ్ళొచ్చినట్టు.

"అది అరెస్టాండీ? అన్నం పెట్టారు" అన్నాను.

"అన్నం పెట్టినా అరెస్టేనమ్మా."

"లైసెన్సు రెన్యువల్ కాయితంలో అరెస్టయ్యారా అన్నచోట ఇన్నేళ్ళూ లేదని రాశానే."

"ఈసారి నుంచి ఉందని రాయండి, గొప్పగా ఉంటుంది. కంగారుపడకండి. పట్టుకున్నారు అన్నది నా గది. తప్పు చేశారా లేదా అన్నది కోర్టు గది, అది పై అంతస్తు. మీరు అక్కడ లేరు. చూడండి, సాయంత్రం విడుదల, కేసు లేదు. చాలామంది నా గదిలో పేరు చూసి పై అంతస్తు దాకా వెళ్ళరు, మెట్లెక్కాలని."

కారణం అన్నచోట అందరికీ ఒకటే మాట, దారికి అడ్డంగా కూర్చున్నందుకు. నాకు మాత్రం పక్కన ఇంకో ముక్క ఉంది. అది ఇక్కడ రాయను.

"సరే, ఇప్పుడు మీ వాటాదారు పేరు చెప్పండి" అంది.

నేను చెప్పలేదు. అప్పటికే చూస్తున్నాను. నా పేరు కింద, పదిహేనోది. పేరు, తండ్రి పేరు, వయసు ఇరవై మూడు. వెంట ఉన్న వస్తువులు: సూది ఒకటి.

అక్కడే కూర్చుని నవ్వాను. తర్వాత ఏడ్చాను. రికార్డులావిడ ఊలు ఉండ పక్కన పెట్టి, "ఈ గదిలో ఇలా నవ్వినవాళ్ళని చూడలేదమ్మా" అంది. కాపీ మీద ముద్ర వేసి ఇచ్చింది. స్వెట్టరుకి మిగతా గుండీలు నా షాపులో తీసుకోమని చెప్పి వచ్చాను.

సోమవారం, సాయంత్రం

బస్సు దిగి తిన్నగా రోడ్డు దాటాను. నా షాపు వైపు కాదు, అటు. రెండేళ్ళలో మొదటిసారి. ఎప్పుడూ ఆయనే దాటేవాడు.

ఆయన స్కూలు బ్యాగు ఒళ్ళో పెట్టుకుని, విరిగిన రన్నర్‌ని పట్టకారుతో లాగుతున్నాడు. చుట్టూ అట్టపెట్టెలు. కాపీ తీసి ఆ బ్యాగు మీద పెట్టాను.

"పదిహేనో నంబరు మీరేనా?"

చదివాడు. మళ్ళీ చదివాడు. "పద్నాలుగు మీరేగా" అన్నాడు మెల్లగా.

"మీకు ముందే తెలుసా?"

"తెలియకేమండీ. షాపు కోసం ఈ వీధిలో తిరుగుతుంటే ఎవరో సరుకు తెచ్చినవాణ్ణి దులిపేస్తున్నారు, రెండు చిల్లులవి నాలుగు చిల్లులవి కలిపేశావని. ఆ గొంతు విని అడ్వాన్సు ఇచ్చేశాను. గోడలు కూడా చూడలేదు. చూసుంటే తీసుకునేవాణ్ణి కాదు, చెమ్మ."

"మరి నాకు చెప్పొద్దూ?"

"మీకు గుర్తుందనే అనుకున్నానండీ. మొదటిరోజు రన్నర్ అడిగితే మీకు లెక్క తెలియదు అన్నారు. ఆ రోజు వరండాలో కూడా సరిగ్గా అదే అన్నారు. మర్చిపోయిన మనిషి అదే మాట ఎలా అంటుంది? మొన్న మీరు నేనేం చెప్పను అన్నాక తెలిసింది, నేను ఒక్కణ్ణే గుర్తుపెట్టుకున్నానని."

అప్పట్లో జుట్టు దట్టంగా ఉండేది, మీసం సన్నగా ఉండేది. ఇప్పుడు తిరగబడింది. నేనెలా గుర్తుపడతాను. అదే చెప్పాను. తల తడుముకుని ఒప్పుకున్నాడు.

"అయినా ఆ గుండీలన్నీ ఎందుకు కలిపేశారు? చక్కగా ఏరి పెట్టుకున్నాను."

"అందుకే. మీరు ఏరడం మధ్యాహ్నానికే అయిపోవచ్చింది. అయిపోతే లేచి అటుపక్క ఆడవాళ్ళ దగ్గరికి వెళ్ళిపోతారు. కలిపేస్తే సాయంత్రం దాకా పడుతుందిగా."

నేను ఆయన చేతిలో ఉన్న రన్నర్ వైపు చూశాను. ఐదో నంబరు, నల్లది. ఒక్కటి. రెండేళ్ళుగా ఒక్కొక్కటి.

"మీకు లెక్క బాగా తెలుసు" అన్నాను.

"కొంచెం."

"ఒక షట్టరు చాలు."

షాపు గురించి కాదు.

మంగళవారం

అమ్మాయి కాపీని మూడుసార్లు చదివింది. ముద్ర మీద వేలితో రుద్ది చూసింది, అసలుదేనా అని. తర్వాత కూర్చుంది.

"ట్రక్కు రోజా?"

"ట్రక్కు రోజే."

"తిక్క అబ్బాయి ఈయనా?"

"ఈయనే."

ఆఫీసు బుద్ధి పోనిచ్చుకోలేదు, రెండో సాక్ష్యం కావాలంది. ఆయన్ని పిలిపించి స్టూలు మీద కూర్చోబెట్టి అడిగింది, "ట్రక్కులో గుండీల పెట్టె ఎలా ఒలికిపోయింది? అమ్మ నాకు చెప్పింది, మీరు చెప్పండి."

ఆయన నా వైపు చూశాడు. నేను వద్దని తల ఊపాను. ఆయన అబద్ధం చెప్పలేడు, అదొక్కటే ఆయనలో లోపం.

"ఒలకలేదమ్మా. మీ అమ్మగారు పెట్టె తెరిచి కానిస్టేబుల్ మీదకి విసిరారు. పిడికెళ్ళతో."

"బ్రేకు వేస్తే ఒలికిందని చెప్పావు కదమ్మా? ఇరవై ఏళ్ళు అన్నం ముద్దతో పాటు మింగానే ఆ మాట."

"బ్రేకు కూడా వేశాడు" అన్నాను.

అమ్మాయి కాపీ మళ్ళీ తీసి పద్నాలుగో వరుస చివరిదాకా పైకి చదివింది. "దారికి అడ్డంగా కూర్చున్నందుకు, మరియు విధుల్లో ఉన్న కానిస్టేబుల్‌పై గుండీలు విసిరినందుకు." గోడ అవతల టైలరమ్మ మిషను టక్కున ఆగింది.

అది నవ్వడం మొదలుపెట్టి ఆపలేకపోయింది. కళ్ళు తుడుచుకుంటూ ఆయనతో అంది, "అంకుల్, రికార్డు ప్రకారం మీరు శుభ్రంగానే ఉన్నారు. ఆలోచించుకోవాల్సింది మీరే. మా అమ్మది కొంచెం ఇబ్బందికరమైన కేసు."

"ఆలోచించానమ్మా. చాలా ఏళ్ళు" అన్నాడు ఆయన.

వెళ్ళేముందు నన్ను గట్టిగా పట్టుకుంది. చెవిలో "తిన్నావా" అంది. అంతే.

బుధవారం

అమ్మాయి వాళ్ళ ఆఫీసు మొత్తానికి చెప్పేసింది. పొద్దున్నుంచి నలుగురు వచ్చి గుండీలు కొన్నారు, అవసరం లేకపోయినా. అరెస్టయినావిడ షాపు ఇదేనా అని అడిగారు. ముందే తెలిస్తే బోర్డు మీద రాయించేదాన్ని.

నెలాఖరు

ఆయన షట్టరు దించాం. మిషను, అట్టపెట్టెలు, స్టూలు ఇటు వచ్చాయి. రిజిస్ట్రారు ఆఫీసు కాయితంలో సాక్షుల సంతకాలు అమ్మాయి ఒకటి, టైలరమ్మ ఒకటి. రికార్డులావిడ కూడా వచ్చింది, స్వెట్టరు వేసుకుని. గుండీలన్నీ నావే.

మరుసటి రోజు

ఇవాళ రన్నర్ అడగలేదు. డబ్బా తనే దించుకున్నాడు.

మధ్యాహ్నం నేను బ్యాంకుకి వెళ్ళొచ్చేసరికి రెండు చిల్లులవీ నాలుగు చిల్లులవీ మళ్ళీ కలిపేసి, స్టూలు నా బల్ల పక్కకి జరుపుకుని, ఏమీ ఎరగనట్టు కూర్చున్నాడు. సాయంత్రం దాకా పడుతుంది. ఇక చాలు, ఫోను పక్కన పెడుతున్నాను, ఏరాలి.